నార్వే సముద్రంలో కలానస్: శీతాకాలం ఎక్కడికి పోతుంది, వేడెక్కితే ఎందుకు పెరగదు

మీరు అడిగినవి మూడు. నార్వే సముద్రంలో జనవరిలో పైనీళ్లలో వల లాగితే కోపిపోడ్‌లు (నీళ్లలో తేలే, రొయ్యల వర్గానికి చెందిన చిన్న జీవులు) పెద్దగా దొరకవనీ, మే నెలలో అదే చోట వల అడుగున ఉండే సీసా ఎర్రటి గుజ్జుతో నిండిపోతుందనీ చదివారు. నాలుగు నెలల్లో అవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయన్నది మొదటి ప్రశ్న. నీళ్లు వేడెక్కితే త్వరగా పెరుగుతాయి కాబట్టి వాటి సంఖ్య కూడా పెరగాలి కదా అన్నది రెండోది. విశాఖ తీరంలో మీరు తీసిన శాంపిళ్లకు వాడుతున్న హంట్లీ, లోపెజ్‌ల 1992 సమీకరణం (ఉష్ణోగ్రత ఒక్కటి ఇస్తే రోజువారీ పెరుగుదల చెప్పేది) అక్కడికీ పనికొస్తుందా అన్నది మూడోది.

ఏళ్ల తరబడి ఉత్తర నార్వే శాంపిళ్లు లెక్కపెట్టినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. చలి సముద్రంలో ఎన్ని గుడ్లు పెట్టాయో చూసి జనాభా అంచనా వేయడం దండగ. ఎన్ని పిల్లలు చావు తప్పించుకుని, కొవ్వు పట్టించుకుని, వేళకు లోతుకు దిగాయో చూడాలి. మీ మూడు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది.

మీరు చదివిన కోపిపోడ్ కలానస్ ఫిన్‌మార్కికస్. పెద్దది మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గుడ్డు పగిలాక ఆరు నాప్లియస్ (పసి లార్వా) దశలు, తర్వాత పెద్దదాని ఆకారం వచ్చే ఆరు కోపిపోడైట్ దశలు. ఆ ఆరోదే పెద్ద జీవి. శీతాకాలం గడిపేది ఎక్కువగా ఐదో కోపిపోడైట్ దశలో. వేసవి సగం గడిచేసరికే ఐదో దశకు చేరిన చాలా జీవులు మేత మానేసి కిందికి దిగడం మొదలుపెడతాయి. నార్వే సముద్రంలో 500 మీటర్ల కింద నుంచి వెయ్యి మీటర్లు దాటేదాకా అవి పరుచుకుని ఉంటాయి. అక్కడి నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర, కొన్ని పొరల్లో సున్నాకు కాస్త కింద కూడా ఉంటాయి. ఆ చీకట్లో నెలల తరబడి ఏమీ తినకుండా, దాదాపు కదలకుండా ఉంటాయి. శ్వాస బాగా తగ్గిపోతుంది. ఈ స్థితికే డయాపాజ్ అని పేరు. కాబట్టి జనవరిలో పై 50 మీటర్ల వల ఖాళీగా వస్తే సముద్రం ఖాళీ అయినట్టు కాదు. మే నెలలో కనిపించేవి వాటి పిల్లలు.

ఇన్ని నెలలు తిండి లేకుండా ఎలా బతుకుతుందో తెలియాలంటే, అవకాశం దొరికినప్పుడు బతికున్న ఐదో దశ కలానస్‌ను ఒకదాన్ని మైక్రోస్కోపు కింద చూడండి. ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది. తల పక్క నుంచి వెనక్కి దాదాపు ఒంటి పొడవునా వచ్చే రెండు మీసాలు, వాటి చివర ఈకల్లా చీలిన వెంట్రుకలు, అక్కడక్కడా ఎర్రటి రంగు. పేగును ఆనుకుని పొడుగాటి సంచి ఒకటి తళతళలాడుతూ ఉంటుంది. అదే నూనె సంచి. ఆగస్టులో బాగా మేసినదానిలో ఆ సంచి మొండెంలో పెద్ద భాగం ఆక్రమిస్తుంది. మార్చిలో లేచి వచ్చినదానిలో సన్నటి గీతలా మిగులుతుంది. కొన్నిట్లో వెతుక్కోవాలి కూడా. అందులో ఉండేది ముఖ్యంగా మైనపు ఎస్టర్లు, అంటే మైనం లాంటి కొవ్వు. బాగా బలిసిన జీవి ఎండు బరువులో సగానికి మించి కొవ్వే ఉండొచ్చు. శీతాకాలపు ఖర్చంతా ఈ గాదెలోంచే. లేచాక అండాశయం తయారుకావడానికీ మొదటి పెట్టుబడి ఇదే. ఈ నూనెకు ఇంకో గుణం ఉంది: ఒత్తిడి పెరిగేకొద్దీ అది సముద్రపు నీటికన్నా ఎక్కువగా కుదించుకుపోతుంది. పైనీళ్లలో తేల్చే నూనే వెయ్యి మీటర్ల కింద అంత బలంగా పైకి లాగదు. అక్కడ ఈదకుండా నిలబడటానికి అది సాయపడుతుంది.

లోతులో వెలుగు లేదు, ఉష్ణోగ్రత ఏడాదంతా దాదాపు ఒకటే. మరి లేవాల్సిన వేళ ఎలా తెలుస్తుంది? దీని మీద పరిశోధకులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఒంట్లోని గడియారం అని కొందరు, నూనె ఒక మట్టానికి తగ్గితే మేలుకుంటాయని కొందరు అంటారు. ఏదైనా సరే, పైన ఈ ఏడాది వసంతం ముందొచ్చిందా వెనకొచ్చిందా అన్న కబురు కిందికి చేరదు. ఈ విషయం బాగా గుర్తుపెట్టుకోండి, మీ రెండో ప్రశ్నలో దీని అవసరం ఉంది.

శీతాకాలం చివర్లో ఐదో దశవి కుబుసం విడిచి పెద్దవవుతాయి. మగవి ముందు తయారవుతాయి, ఎక్కువకాలం బతకవు. ఆడవి ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య పైకి వచ్చి గుడ్లు నేరుగా నీళ్లలోకి వదులుతాయి. గుడ్డు మిల్లీమీటరులో ఏడో వంతు ఉంటుంది. 5 డిగ్రీల నీళ్లలో పగలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మొదటి రెండు నాప్లియస్ దశలు తినవు, గుడ్డులోంచి తెచ్చుకున్నదాంతోనే గడిపేస్తాయి. మూడో దశలో నోరు తెరుస్తాయి. సరిగ్గా అప్పుడు చుట్టూ డయాటమ్‌లు (ఒక రకం సూక్ష్మ నాచు) గాని, వేరే సూక్ష్మజీవులు గాని లేకపోతే అంతే సంగతులు. వసంతపు బ్లూమ్, అంటే మొక్క ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మ మొక్కలు) ఒక్కసారిగా పెరిగిపోవడం, ఎప్పుడు మొదలవుతుందన్నది ఇక్కడ ప్రాణం మీది విషయం. ఆ బ్లూమ్‌కు సముద్ర శాస్త్రవేత్త హరాల్డ్ స్వెర్‌డ్రుప్ 1953లో ఇచ్చిన వివరణ (పైపొర నీళ్లు కలిసిపోయే లోతు ఒక హద్దుకన్నా తగ్గితేనే మొక్క ప్లవకాలు పెరుగుతాయన్నది) నార్వే సముద్రంలోనే, 66 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అప్పట్లో నిలిచి ఉన్న వాతావరణ నౌక, అంటే స్టేషన్ ఎమ్, కొలతల మీద నిలబడింది. ఆ స్టేషన్ పేరు మళ్లీ వస్తుంది.

ఇక చావుల లెక్క. ఒక ఆడ కలానస్ జీవితంలో 500 గుడ్లు పెట్టిందనుకుందాం. జనాభా పెరగకుండా తరగకుండా ఉండాలంటే అందులో ఇద్దరు, ఒక ఆడ ఒక మగ, పెద్దవాళ్లయితే చాలు. 498 చావాల్సిందే. గుడ్డు నుంచి పెద్దవడానికి 60 రోజులు పడుతుందనీ, రోజుకు 9 శాతం చస్తాయనీ పెట్టి కాలిక్యులేటర్ మీద వేసి చూడండి. 60 రోజుల తర్వాత 500లో 1.7 మిగులుతాయి. అంటే దాదాపు సరిపోయింది. ఇప్పుడు 9ని 12 చేయండి, మిగతాదేమీ మార్చొద్దు. మిగిలేది 0.23. నలుగురు తల్లుల గుడ్లన్నీ కలిపితే ఒక్కటి కూడా మిగలదు. రోజుకు మూడు శాతం తేడా, వలతో కొలిస్తే పొరపాట్లలో కలిసిపోయేంత చిన్నది, జనాభాను ఒక తరంలో ఏడో వంతుకు దించేస్తుంది. అదే గుడ్ల సంఖ్య 500 నుంచి 600 అయితే వచ్చే లాభం 20 శాతమే. గుడ్ల ఉత్పత్తి మీద వందల పేపర్లు ఉన్నాయి, ఎందుకంటే గాజుపాత్రలో ఆడదాన్ని పెట్టి మర్నాడు గుడ్లు లెక్కపెట్టడం తేలిక. చావును కొలవడం కష్టం. కొలవడం కష్టమైనదాన్ని స్థిరాంకంగా పెట్టేసి ముందుకు పోతే వచ్చే మోడల్‌ను నేనైతే నమ్మను.

ఆ చావు స్థిరంగా ఉండదని చూపించింది మళ్లీ స్టేషన్ ఎమ్‌లోనే. మార్క్ ఓమన్, హాన్స్ యుర్గెన్ హిర్షె 2001లో ప్రచురించిన పని అది. పెద్ద ఆడవి, ఎదిగిన పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లో గుడ్లు చనిపోయే వేగమూ పెరిగింది. కారణంగా వాళ్లు చూపిన అవకాశం సొంత జాతిని తినడం. మేత కోసం నీళ్లు వడగట్టే కలానస్‌కు ఆ నీళ్లలో తేలే గుడ్డు డయాటమ్‌లాగే ఆహారం. ముఖ్యంగా ఇంకా బ్లూమ్ రాక, వేరే తిండి పలచగా ఉన్నప్పుడు. తల్లులు రెట్టింపైతే పిల్లలు రెట్టింపవుతారని మీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కడైనా ఉంటే అది తీసేయండి.

ఎవరు తింటున్నారన్నదీ ముఖ్యమే. పశ్చిమ నార్వేలో లూరెఫ్యోర్డెన్ అని ఒక ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) ఉంది. నీళ్లు పక్క ఫ్యోర్డ్‌లకన్నా మసక. కంటిచూపుతో వేటాడే చేపలకు అది ఇబ్బంది, అందుకని అక్కడ పెరిఫిల్లా అనే ముదురు ఎరుపు జెల్లీఫిష్ రాజ్యమేలుతోంది. దాన్ని చేపలున్న సోర్‌ఫ్యోర్డెన్‌తో పోల్చినప్పుడు కలానస్ చావుల తీరే తిరగబడింది. చేపలున్నచోట పెద్ద దశలు ఎక్కువగా పోతున్నాయి, ఎందుకంటే పెద్దది కంటికి ఆనుతుంది. కళ్లతో కాకుండా తగిలినదాన్ని పట్టుకునే జీవులున్నచోట చిన్న దశలు ఎక్కువగా పోతున్నాయి. ఒకే జాతి, ఒకే దేశం, చలి కూడా ఇంచుమించు ఒకటే. ‘కోపిపోడ్ మరణాల రేటు’ అని ఒకే అంకె అడిగేవాళ్లకు నేను ఈ ఉదాహరణే చెబుతాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. వేడికి పెరుగుదల వేగం పెరుగుతుందన్నది నిజమే. పుష్కలంగా తిండి పెట్టి పెంచితే 4 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్దవడానికి సుమారు రెండు నెలలు, 8 డిగ్రీల దగ్గర నెల దాటి కొద్ది రోజులు. పై లెక్కలో 60ని 40 చేసి, రోజుకు 9 శాతమే ఉంచితే 11 మిగులుతాయి. వేడెక్కితే పెరుగుతాయన్న వాదనకు బలం ఇక్కడుంది. ఈ జాతికి ఉత్తరాన ఏడాదికి ఒక తరం, దక్షిణాన రెండు మూడు తరాలు రావడానికి కారణమూ ఇదే. కానీ ఆ 9 శాతం అలాగే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? తినేవాటికీ వేడికి ఆకలి పెరుగుతుంది, దక్షిణపు చేపలూ ఉత్తరానికి వస్తాయి. వేడినీళ్లలో పెరిగిన కలానస్ ఒళ్లు చిన్నది, చిన్న ఒంట్లో పట్టే నూనె తక్కువ. లోతు నీళ్లు వేడెక్కితే నిద్రలో ఆ నూనె త్వరగా కరుగుతుంది. పైన బ్లూమ్ ముందుకు జరిగితే, ఇందాక చెప్పినట్టు, కింద ఉన్నదానికి ఆ సంగతి తెలియదు.

ఊహలొద్దు, జరిగింది చూద్దాం. ఉత్తర సముద్రం, అంటే బ్రిటన్, నార్వే, డెన్మార్క్‌ల మధ్యనున్నది, సగటున వంద మీటర్ల లోతు కూడా లేదు. కలానస్ ఫిన్‌మార్కికస్ నిద్రపోవడానికి అక్కడ జాగా లేదు. ప్రతి వసంతం ఫారో, షెట్లాండ్ దీవుల మధ్య లోతైన చానెల్‌లో నిద్ర లేచినవి ప్రవాహాలతో కొట్టుకొచ్చి ఆ సముద్రాన్ని నింపేవి. అంటే ఉత్తర సముద్రం జనాభా వలసల మీద ఆధారపడ్డ జనాభా. నార్వే సముద్రపు అతిచల్లటి అడుగునీళ్లు ఆ చానెల్‌లోకి రావడం తగ్గితే నిద్రలో ఉన్నవీ తగ్గాయి, పైనీళ్లూ వేడెక్కాయి. 1960ల నుంచి 2000ల నాటికి ఉత్తర సముద్రంలో కలానస్ మొత్తం బరువు 70 శాతం దాకా పడిపోయింది. దాని జాగాలోకి దక్షిణపు చుట్టం కలానస్ హెల్గోలాండికస్ వచ్చింది. చూడటానికి రెండూ ఒకటే, ఐదో కాలి అంచు పళ్ల వరస చూసి గాని విడదీయలేం. కానీ ఇది ఎక్కువగా కనిపించేది శరత్కాలంలో. కాడ్ చేప పిల్లలకు మేత కావాల్సింది వసంతంలో. కాడ్ పడిపోవడానికి అతిగా పట్టడం పెద్ద కారణమే, కాదనను. అయినా పిల్లలకు వేళకు మేత లేకపోవడం కోలుకోనివ్వని దెబ్బ.

ఇదంతా మనకు తెలియడానికి కారణం సముద్ర జీవశాస్త్రవేత్త అలిస్టర్ హార్డీ తయారుచేసిన ప్లాంక్టన్ (ప్లవకాల) రికార్డర్. 1925లో బయల్దేరిన అంటార్కిటిక్ యాత్రలో మొదట వాడి, 1931 నుంచి ఉత్తర సముద్రంలో మామూలు సరుకు ఓడల వెనక కట్టి లాగించారు. లోపల పట్టుగుడ్డ చుట్ట మెల్లగా తిరుగుతూ ప్లాంక్టన్‌ను పట్టేస్తుంది. ఇన్ని దశాబ్దాలు ఒకే పద్ధతి మారకుండా నడపడం అన్నది నాకు ఎప్పుడూ గౌరవం కలిగించే విషయం. అయితే దాని డేటా వాడేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. అది పోయేది ఏడెనిమిది మీటర్ల లోతున, నిద్రపోయే జనాభా దానికి కనబడదు. గుడ్డ కన్ను 270 మైక్రాన్లు, చిన్న నాప్లియస్‌లు జారిపోతాయి.

ఇంకా ఉత్తరానికి పోతే కథ మారుతుంది. బారెంట్స్ సముద్రంలో, నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ కలానస్ గ్లేసియాలిస్ ఉంది, తిత్తిలో నూనె ఎక్కువ. గ్రీన్‌లాండ్ సముద్రపు లోతుల్లో కలానస్ హైపర్‌బోరియస్ ఉంది, ఐదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది, చాలా ఏళ్లు బతుకుతుంది. ఇది మేత కోసం ఎదురుచూడదు. నడి శీతాకాలంలో, లోతులోనే, కేవలం నిల్వ నూనెతో గుడ్లు పెట్టేస్తుంది. కొవ్వు నిండిన ఆ గుడ్లు మెల్లగా పైకి తేలుతాయి. బ్లూమ్ ఎప్పుడొస్తుందో నమ్మలేని చోట తల్లి మేతను బిడ్డ వేళ నుంచి విడదీయడం ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. స్వాల్‌బార్డ్ లిటిల్ ఆక్ పక్షులు పిల్లలకు గ్లేసియాలిస్‌నే ఏరి తెస్తాయి. అట్లాంటిక్ నీళ్లు చొచ్చుకొచ్చి చిన్న ఫిన్‌మార్కికస్ పెరిగినచోట, అదే కడుపు నింపడానికి వాటికి ఎక్కువ ప్రయాణం, ఎక్కువ వేట. నీళ్లలో కోపిపోడ్‌ల సంఖ్య పెరిగి ఉండొచ్చు, పిల్ల నోట్లో పడే కొవ్వు తగ్గింది. అందుకే సంఖ్యతో పాటు నూనె కూడా కొలవాలని పట్టుబడతాను.

అమెరికా తూర్పు తీరాన ఇంకా బాధాకరమైన ఉదాహరణ ఉంది. 2010 తర్వాత మెయిన్ అఖాతంలోకి వెచ్చని లోతునీళ్లు వచ్చి ఐదో దశ కలానస్ తగ్గింది. దాన్నే నమ్ముకున్న రైట్ తిమింగలాలు మేత వెతుక్కుంటూ సెయింట్ లారెన్స్ అఖాతానికి మళ్లాయి. ఓడల వేగానికీ, పీతల బోనుల తాళ్లకూ అక్కడ అప్పటికి తగిన కట్టడి లేదు. 2017 ఒక్క ఏడాదిలో కెనడా, అమెరికా నీళ్లలో కలిపి 17 చనిపోయాయి. మొత్తం జాతిలో మిగిలింది నాలుగు వందల లోపే.

దక్షిణ ధ్రువం క్రిల్ (రొయ్యను పోలిన చిన్న జీవి) గురించి మీరు అడగలేదు కాబట్టి ఒక్క ముక్క. అది ఐదారేళ్లు బతుకుతుంది, పిల్లలు మొదటి శీతాకాలం సముద్రపు మంచు అడుగున పెరిగే పాచి మేసి గడపాలి. ఒక మంచి ఏడాది పిల్లలే తర్వాత కొన్నేళ్లపాటు జనాభాను మోస్తాయి. కలానస్ లెక్కలు దానికి అతికించొద్దు.

మూడో ప్రశ్నకు వస్తాను. మీ సమీకరణం రోజువారీ పెరుగుదలను 0.0445 గుణించు ఈ టు ది పవర్ 0.111టీ అంటుంది (టీ అంటే ఉష్ణోగ్రత). విశాఖ దగ్గర 28 డిగ్రీలు పెడితే రోజుకు దాదాపు 1.0 వస్తుంది. అక్కడ గుడ్డు ఒక్క రోజులో పగులుతుంది, రెండు మూడు వారాల్లో తరం మారుతుంది, ఏ రోజు వల లాగినా అన్ని దశలూ కలిసి దొరుకుతాయి. అలాంటిచోట ఆ అంకె గురించి వాదించుకోవచ్చు, కానీ అర్థముంటుంది. ఇప్పుడు 0 డిగ్రీలు పెట్టండి, 0.0445 వస్తుంది. నార్వే సముద్రం అడుగున 200 రోజులు నిద్రపోయే కలానస్‌కు దాన్ని వర్తింపజేస్తే, ఆ జీవి బరువు ఏడు వేల రెట్లు పెరిగినట్టు తేలుతుంది. నిజానికి అది ఆ 200 రోజులూ బరువు తగ్గుతూనే ఉంది. సమీకరణం చెడ్డదని కాదు, మేస్తూ పెరుగుతున్న జీవి కోసం రాసినది. కాబట్టి మీ మోడల్‌లో నిద్ర ఒక విడి స్థితిగా ఉండాలి, నూనె ఒక విడి నిల్వగా ఉండాలి, మరణాల రేటు దశకొకటి ఉండాలి.

దశల నిష్పత్తి చూసి మరణాల రేటు కట్టే పద్ధతి విషయంలోనూ జాగ్రత్త. ప్రతి దశలోకీ కొత్తవి ఒకే తీరుగా వచ్చి చేరుతున్నాయని అది నమ్ముతుంది. ఏప్రిల్‌లో ఒకేసారి పుట్టిన గుంపు నెల తర్వాత ఒకేసారి కోపిపోడైట్‌లుగా మారే చోట ఆ నమ్మకం చెల్లదు. ఒక్కోసారి రుణాత్మక మరణాలు కూడా వస్తాయి. వారానికొకసారైనా అదే చోట తీసిన వరుస శాంపిళ్లు కావాలి, ప్రవాహం ఏ నీళ్లను తెచ్చిందో తెలియడానికి ఉష్ణోగ్రత, లవణీయత కొలతలు పక్కన ఉండాలి.

డేటా కోసం నార్వే దాకా ఎవర్ని పట్టుకోవాలా అని టెన్షన్ పడకండి. స్వాల్‌బార్డ్‌లోని నీ ఓలెసుండ్‌లో 2008 నుంచి మన హిమాద్రి కేంద్రం ఉంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతుంది. దాని పక్కనున్న కోంగ్స్‌ఫ్యోర్డెన్‌లో 2014లో ఇండార్క్ అనే కొలతల మూరింగ్ (లంగరు వేసి నీళ్లలో నిలబెట్టిన పరికరాల వరస) దించారు. ఫిన్‌మార్కికస్, గ్లేసియాలిస్ రెండూ కలిసే చోటు అది. పాత లెక్కల్లో ఈ రెంటినీ ఒంటి పొడవు చూసి విడదీశారు. తర్వాత జన్యు పరీక్షల్లో ఆ పొడవులు చాలా చోట్ల ఒకదానిమీదొకటి పడుతున్నాయనీ, గ్లేసియాలిస్ దక్షిణ నార్వే ఫ్యోర్డ్‌లలో కూడా ఉందనీ తేలింది. కాబట్టి పాత పట్టికలో జాతి పేరు ఎలా నిర్ణయించారో ముందు అడగండి. కొత్త శాంపిళ్లయితే కొన్నిటిని జన్యు పరీక్ష కోసం ఆల్కహాల్‌లో విడిగా పెట్టమనండి. ఫార్మాలిన్‌లో వేసేముందు ఐదో దశవి కొన్నిటికి పక్క నుంచి ఫొటో తీయించండి. స్కేలు కనబడాలి, నూనె సంచి అంచు స్పష్టంగా రావాలి. ఆ సంచి వైశాల్యం నుంచి జీవిలో ఎంత కొవ్వుందో అంచనా కట్టే పద్ధతి వాడుకలో ఉంది, మీ డిసర్టేషన్‌కు అది చాలు.